ఆరు నెలల ఇల్లు, మెట్ల కింద చోటు

మందులు పూర్తయ్యాయని పోయిన నెల ఆసుపత్రిలో కార్డు మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చారు. సంతోషంగా ఉందా షకీలా గారూ అని సిస్టర్ అడిగింది. ఉందండి అన్నాను. అడిగినావిడ మనసు కష్టపెట్టడం ఎందుకని అలా అన్నాను గాని, నిజానికి నాకేమీ అనిపించలేదు. కార్డు మడిచి సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కకుండా నడిచే నా గదికి వచ్చాను. దారిలో ఒకచోట ఆగి దగ్గొస్తుందేమో చూసుకున్నాను. రాలేదు.

జరిగింది రాసి పెట్టమని సుజాత గారు అడిగి చాలాకాలమైంది. తాడేపల్లిగూడెంలో మేమంతా ఆరు నెలల ఇల్లు అని పిలుచుకునే ఇంటిని ఆవిడే చూసుకుంటారు. ఇల్లూ వాకిలీ లేకుండా ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన ఆడవాళ్ళకి అక్కడ ఆరు నెలలు మంచం, భోజనం, మందు ఇస్తారు. ఈలోగా ఒళ్ళు బాగుచేసుకుని, పని చూసుకుని, ఎక్కడో ఒక గది చూసుకుని వెళ్ళాలి. కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చేసిన తప్పు తెలిస్తే మంచిదని సుజాత గారి ఉద్దేశం. రాస్తే మీ గుండె కూడా తేలికవుతుంది అన్నారు. గుండె సంగతి నాకు తెలియదు. తప్పు మాత్రం చెబుతాను.

మాది ఏలూరు. తివాచీలు నేసే ఇల్లు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం గాని నేను చదివింది తెలుగు బడిలో, అదీ ఎనిమిదో తరగతి దాకా. పెళ్ళయిన మూడేళ్ళకి మా ఆయన వేరే కాపురం పెట్టుకుంటే తమ్ముడింటికి తిరిగొచ్చి, ఇరవై రెండేళ్ళు వాడి మగ్గం ముందు కూర్చుని ముడులేశాను. ఉన్ని దుమ్ము పీల్చేవాళ్ళకి దగ్గు కొత్త కాదు. అందుకే నాకు దగ్గు పట్టుకున్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. అలా నెల తిరిగేసరికి మా మరదలు నా కంచం, గ్లాసు విడిగా కిటికీలో పెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఇంట్లో ఏడు నెలల మనవడున్నాడు. నాతో ఒక మాట అంటే నేనే విడిగా పెట్టుకునేదాన్ని. అనలేదు. తమ్ముడు ఆ కంచం చూసి, తల దించుకుని అన్నం తిన్నాడు. నాకు కష్టమనిపించింది అదే.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న, తణుకులో చుట్టాలింట పెళ్ళి పనులకి రమ్మన్నారని అబద్ధం చెప్పి, సంచి తీసుకుని రైలెక్కాను. తణుకు దాకా వెళ్ళలేదు. తాడేపల్లిగూడెంలో దిగిపోయాను. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు, ఉల్లిపాయల మార్కెట్లో ఆడవాళ్ళకి రోజు పని దొరుకుతుందని విన్నాను. తమ్ముడు ఫోన్ చేస్తాడని నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. పెట్టించుకోలేదు.

స్టేషన్లో మొదటి రెండు రోజులు బల్ల మీద కూర్చునే కునికిపాట్లు పడ్డాను. మూడో రోజు నాగమణి పిన్నిగారు నన్ను పిలిచి చోటిచ్చారు. పిన్నిగారని నేను పెట్టుకున్న వరసే. ఆవిడకి అరవై దాటి ఉంటాయి, కొల్లేరు లంకల్లో ఒక ఊరు. మనిషి బక్కగా ఉన్నా నోరు పెద్దది. మెట్ల వంతెన కింద వాన తడవని, ఎండ తగలని మూల ఒకటుంది. ఇద్దరు పడుకోవచ్చు. ఆ మూలలో ఒక వైపు ఆవిడది, రెండో వైపు నాకిచ్చారు. ఇద్దరం వంతులేసుకున్నట్టు దగ్గుతుంటే, అక్కడ టీ అమ్మే ఆయన జంట కచేరీ మొదలైందా అండీ అని వేళాకోళం చేసేవాడు. చేస్తూనే రెండు టీలు పోసేవాడు.

స్టేషన్లో బతికేవాళ్ళకి రెండు కట్టుబాట్లున్నాయి. అన్నం పొట్లం దొరికితే, విప్పకముందే పక్కవాళ్ళకి సగం. ఇంకోటి, ఎవరైనా చోటు వదిలి పనికో ఆసుపత్రికో వెళ్తే, వాళ్ళ గోనె పరిచి ఉంచడం పక్కవాళ్ళ పూచీ. రెండు రోజులు గోనె పరవకపోతే ఆ చోటు ఎవరిదైనా అయిపోతుంది. తిరిగొచ్చి పోట్లాడినా లాభం లేదు. ఈ రెండూ తప్పినవాళ్ళతో ఎవరూ మాట్లాడరు.

పిన్నిగారు ఎవరో గెంటితే వచ్చిన మనిషి కాదు. దగ్గులో నెత్తురు పడిన రోజునే, ఎవరికీ చూపించకుండా ఆ గుడ్డ ఉతికేసి, ద్వారకా తిరుమల కొండ మీద ఊడ్చే సేవకి వెళ్తున్నానని కొడుక్కి చెప్పి వచ్చేశారు. అంతకుముందు ఏడాది కైకలూరులో ఎవరో డాక్టరు దగ్గర కొన్నాళ్ళు మందులు తిని, తగ్గిందని మానేశారట. మళ్ళీ చూపించుకుందాం రండి అంటే ఒప్పుకునేవారు కాదు. పేరు రాస్తే ఊరు అడుగుతారు, ఊరు చెబితే ఇంటికొచ్చి అందరికీ పరీక్షలంటారు, అది తెలిస్తే మా అబ్బాయి దగ్గర చేపలు ఎవరు కొంటారమ్మా అనేవారు. ఊరి పేరు, కొడుకు పేరు నాతో ఒక్కసారి చెప్పారు, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుని.

మే నెల ఎండల్లో, ఉల్లిపాయలు ఏరుతూ ఏరుతూ బస్తాల మీదికి ఒరిగిపోయానట. నాకు గుర్తు లేదు. పిన్నిగారు మార్కెట్టంతా వినపడేలా గోల చేసి ఆటో పిలిపించారని తర్వాత చెప్పారు. ఆసుపత్రి గేటు దాకా నా తల ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. గేటు లోపలికి మాత్రం రాలేదు.

టీబీ అని డాక్టరు గారు నెమ్మదిగా, నేను ఏడుస్తానేమో అన్నట్టు చెప్పారు. నాకు ఏడుపు రాలేదు. మధ్యాహ్నం అన్నంలోకి ఏం కూర పెడతారో అనుకుంటున్నాను అప్పుడు. పన్నెండు రోజులు ఉంచారు. పంపించేటప్పుడు ఎక్కడికి వెళ్తారు అని అడిగితే, స్టేషన్‌కండి అన్నాను. ఆయన రాస్తున్న కలం కింద పెట్టి, ఎవరికో ఫోన్ చేశారు. సాయంత్రానికి సుజాత గారు వచ్చారు. నన్నేమీ అడగకుండా నా సంచి ఆవిడే పట్టుకున్నారు. ఫిబ్రవరి నుంచి ఆ సంచి నా చేతిలోంచి వేరేవాళ్ళ చేతిలోకి వెళ్ళడం అదే మొదలు. ఆటోలో కూర్చున్నంతసేపూ దాన్నే చూస్తూ ఉన్నాను.

జూన్‌లో ఆరు నెలల ఇంట్లో చేరాను. కాలవ పక్కన రెండంతస్తుల అద్దె ఇల్లు. గదికి రెండు మంచాలు, ఒక ఫ్యాను, మనిషికో ఇనప పెట్టె, దానికో తాళంచెవి. నాకు మంచం మీద నిద్ర పట్టేది కాదు. కింద పడుకుని, చెప్పులు తల కింద పెట్టుకునేదాన్ని. స్టేషన్లో చెప్పులు కాళ్ళ దగ్గర వదిలితే పొద్దున్నకి ఉండవు. పక్క మంచం ఆవిడ నాలుగు రోజులు చూసి, ఐదో రోజు తన దుప్పటి మడిచి నేల మీద పరిచి, చెప్పుల మీద ఒక తువ్వాలు కప్పింది. మంచం ఎక్కమని మాత్రం అనలేదు. ఆ ఇంట్లో నాకు మొదట నచ్చిన మనిషి ఆవిడ.

అక్కడ ఏ లోటూ లేదు. లోటల్లా నా బుర్రలో ఉంది. ఆరు నెలలు ఉండొచ్చండీ అని సుజాత గారు చెబితే, ఆరు నెలల తర్వాత పొమ్మంటారు అని వినపడేది నాకు. తమ్ముడి ఇల్లు ఇరవై రెండేళ్ళు నాదే అనుకున్నాను, అది ఒక కంచంతో పోయింది. ఆరు నెలల ఇల్లు పోవడం ఎంతసేపు? ఈ ఇంట్లో ఆరోగ్యం వస్తుంది, పని వస్తుంది, గది వస్తుంది అని వాళ్ళు చెబుతుంటే తల ఊపేదాన్ని. మనసులో మాత్రం నాకున్నది ఒకటే, మెట్ల కింద చోటు. అది పిన్నిగారి చేతిలో ఉంది.

మందులు మొదటి పది రోజులు ఆ ఇంటి సిస్టర్ ఎదురుగా నిలబెట్టి మింగించింది. తర్వాత నమ్మకం కుదిరి, వారానికి సరిపడా మాత్రలు ఒకేసారి ఇచ్చేది. సోమవారం ఖాళీ అట్టలు తిరిగిస్తే కొత్తవి ఇస్తుంది. రోజుకి మూడు మాత్రలు, పరగడుపున. మింగిన గంటకి కడుపులో తిప్పేది, మూత్రం ఎర్రగా వచ్చేది. అది మందు రంగే, భయపడొద్దని ముందే చెప్పారు.

మొదటి వారం మాత్రలు నా చేతికొచ్చిన మర్నాడు, మంగళవారం, మార్కెట్టుకి వెళ్ళాను. పిన్నిగారు గేటు దగ్గర ఉల్లిపొట్టు మధ్య కూర్చుని ఉన్నారు. ఇంకా చిక్కిపోయారు. నన్ను చూసి, బొద్దుగా అయ్యావే అని వెక్కిరించారు. నేను ముందు అడిగింది ఆవిడ దగ్గు గురించి కాదు. చోటు ఉందా అండీ అని అడిగాను. భద్రంగా ఉందమ్మా, రోజూ నీ గోనె పరుస్తున్నాను అన్నారు. అప్పుడు నా సంచిలోంచి కాగితం పొట్లం తీసి ఇచ్చాను. వారం మాత్రల్లో సగం.

ఆవిడ అడగలేదు. రాత్రే బ్లేడుతో కోసి, మూడింట్లో ఒకటిన్నర నాకు, ఒకటిన్నర ఆవిడకి అని నేనే పంచి పెట్టుకున్నాను. పొట్లం దొరికితే సగం ఇచ్చే అలవాటు చేతికి అంత తొందరగా పోదు. గుడ్డి కన్నా మెల్ల నయం అంటారు కదా, ఆవిడకి అసలు మందే లేనిదానికంటే సగమైనా మేలే అనుకున్నాను. ఇదంతా నిజమే. కానీ అసలు నిజం ఇంకోటి ఉంది, అదీ రాసేస్తాను. రేపు ఈ ఇల్లు పొమ్మంటే నాకు ఆ చోటు కావాలి. ఊరికే ఎవరు కాపలా కాస్తారు? ఆవిడకి నేను ఏదో ఒకటి పెడుతూ ఉండాలి. నా దగ్గర ఉన్నవి మాత్రలే.

అలా జూన్, జూలై అయిపోయాయి. ప్రతి మంగళవారం మార్కెట్ గేటు దగ్గర పొట్లం ఇవ్వడం, చోటు గురించి అడగడం, భద్రంగా ఉందని విని రావడం. ఆ చోటుకి వంతెన మెట్లెక్కి అవతలకి దిగాలి, ఆయాసం వస్తుందని స్టేషన్ వైపు నేను వెళ్ళలేదు. ఒకసారి పిన్నిగారు రహస్యంగా నా చెవిలో, నాకూ ఎర్రగా వస్తోంది, మందు పనిచేస్తోందే షకీలా అన్నారు. ఆవిడ మొహంలో అంత సంబరం అప్పుడే చూశాను. మూడు వారాలకి ఆవిడ దగ్గు నిజంగానే తగ్గింది. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

జూలైలో తమ్ముడు వచ్చాడు. ఇంట్లోవాళ్ళకి పరీక్ష చేయించాలని సిస్టర్ వాడి నంబరు అడిగితే ఇచ్చాను. గేటు బయటే నిలబడి, అరటిపళ్ళ సంచి లోపలికి అందించాడు. అందరికీ పరీక్షలయ్యాయి ఆపా, ఎవరికీ లేదు అన్నాడు. తగ్గాక ఇంటికొచ్చెయ్ అన్నాడు. నేను సరే అనలేదు, కాదనలేదు. వాడు రైలు టైమైందని వెళ్ళిపోయాడు. వాడు కనిపించినంతమేరా చూశాను. జాలి వేస్తుందేమో అనుకున్నాను, అదీ వెయ్యలేదు. ఆ నెలల్లో నా లోపల ఏదీ వెంటనే తగిలేది కాదు.

ఆగస్టు మొదట్లో మళ్ళీ కఫం పరీక్ష చేశారు. రెండు నెలల మందు తర్వాత కఫంలో టీబీ పురుగు కనపడకూడదు. నాకు కనపడింది. సిస్టర్ కాగితం రెండుసార్లు చదివి, రోజూ పూర్తిగా వేసుకుంటున్నారా షకీలా గారూ అని అడిగింది. వేసుకుంటున్నానండి అన్నాను. ఆవిడ నా ఖాళీ అట్టల వైపు చూసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అబద్ధానికి సాక్ష్యం నేనే తయారుచేసి పెట్టాను.

మందుకి లొంగని రకమేమో చూడాలని ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పుట్టి పెరిగిన ఊళ్ళో, తమ్ముడింటికి పావుగంట దూరంలో, మూతికి గుడ్డ కట్టుకుని వసారాలో బల్ల మీద కూర్చున్నాను. పక్కన చింతలపూడి వైపు నుంచి వచ్చిన ఒకాయన తన టోకెన్ ముందుంటే, నాకిచ్చి నాది తను తీసుకున్నాడు. ఆడమనిషి, కూర్చోలేకపోతున్నారండీ అన్నాడు. ఆయన కూడా కూర్చోలేకపోతున్నాడు. ఆయన దగ్గరా అబద్ధం చెప్పినట్టే అనిపించింది నాకు, ఏమీ మాట్లాడకపోయినా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సిస్టర్ నన్ను నిలదియ్యలేదు. కిటికీలోంచి చూస్తూ మామూలుగా చెప్పింది. కొంతమంది ఈ మందు సగం సగం వేసుకుంటారండీ. పురుగు చావదు, సగం చచ్చిన పాములా పడి ఉంటుంది. ఈలోగా దగ్గు తగ్గుతుంది, బాగుపడ్డామనుకుంటారు. అది మళ్ళీ లేచేసరికి ఈ మందు దానికి లెక్కుండదు. అప్పుడు ఏడాది పైగా వేరే మందులు, ఒక్కోసారి అవీ పనిచెయ్యవు.

నేను వింటూ పిన్నిగారి మొహం గుర్తుచేసుకున్నాను, ఎర్రగా వస్తోందే అన్నప్పటి మొహం. మెల్ల నయమనుకుని ఆవిడకి గుడ్డితనమే పెట్టానని అప్పుడు అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. చెబితే మంచం పోతుంది. చెప్పకపోతే మనిషి పోతుంది. ఈ రెండూ తక్కెడలో పెట్టుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. నాలుగు రోజులు పట్టిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సోమవారం ఖాళీ అట్టలతో పాటు, మర్నాటికి కట్టి ఉంచిన కాగితం పొట్లం కూడా సుజాత గారి బల్ల మీద పెట్టాను. జరిగింది చెప్పాను. చోటు సంగతి తప్ప అన్నీ చెప్పాను. ఆవిడ పొట్లం విప్పి, కోసిన మాత్రల ముక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

"నన్ను పంపేస్తారా అండీ?" అని అడిగాను.

"ముందు ఆవిడెక్కడుందో చూపించండి" అన్నారు. "మిగతాది తర్వాత. చెప్పులేసుకోండి."

స్టేషన్‌కి వెళ్ళాం. మెట్ల కింద చోటులో నలుగురున్నారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక స్టవ్వు, గోడకి కట్టిన తాడు మీద బట్టలు. చాలాకాలంగా కాపురమున్నట్టు సర్దుకున్నారు. నా గోనె లేదు. పిన్నిగారి గోనె లేదు. టీ ఆయన నన్ను గుర్తుపట్టాడు.

"మీరు ఆసుపత్రికెళ్ళిన వారానికే పోయిందండీ ఆ చోటు" అన్నాడు. "వాళ్ళు నలుగురు, ఆవిడొక్కతే. ఏం పోట్లాడుతుంది? మార్కెట్ షెడ్డు వెనకాల బస్తాల పక్కన పడుకుంటోందండి అప్పట్నించీ."

నేను జూన్‌లో మొదటి పొట్లం ఇచ్చేటప్పటికే ఆ చోటు లేదు. రెండు నెలలు ప్రతి మంగళవారం భద్రంగా ఉందమ్మా అన్నారు. నాకు ముందొచ్చింది కోపం. లేని చోటు చూపించి నా మందు తిన్నదని కోపం. దాని వెనకే సిగ్గు వచ్చింది గాని, ముందొచ్చింది కోపమే.

షెడ్డు వెనకాల పిన్నిగారు పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉన్నారు. ఎగశ్వాస. ఒళ్ళు పెనంలా ఉంది. తగ్గిన దగ్గు మళ్ళీ రెట్టింపై వచ్చిందట, పోయిన మంగళవారం నేను వచ్చినప్పుడు ఎలా అణచుకున్నారో తెలియదు. సుజాత గారు అంబులెన్సు పిలిచారు. ఏలూరు తీసుకెళ్ళాం. పేరేంటి, ఊరేంటి, ఎవరున్నారు అని అడిగితే, నాకెవరూ లేరు అన్నారు పిన్నిగారు. డాక్టరు గారు నా వైపు చూశారు. ఇంట్లో పిల్లలున్నారా అన్నది తెలియాలమ్మా అన్నారు.

నేను ఊరి పేరు చెప్పాను. కొడుకు పేరు చెప్పాను. పిన్నిగారు నన్ను కళ్ళార్పకుండా చూసి, గోడ వైపు తిరిగిపోయారు.

కొడుకు మర్నాడు పొద్దున్నే వచ్చాడు, చొక్కా మీద చేపల తడి ఆరకుండానే. అతను వాళ్ళమ్మని ఒక్క మాట అనలేదు. నాతో మాత్రం, "కొండ మీద రెండుసార్లు వెతికామండీ. మూడో సారి వెళ్దామనుకుంటున్నాం" అన్నాడు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. ఎవరికీ లేదు. చిన్న మనవరాలికి ముందు జాగ్రత్తగా మందులిచ్చారు. లంకంతా తెలిసింది. ఒక నెల చేపలు తక్కువ అమ్ముడయ్యాయట, తర్వాత మామూలే. ఆవిడ ప్రాణం పెట్టి దాచిన రహస్యం నెల రోజులు కూడా నిలబడలేదు.

నా రిపోర్టు వచ్చింది. మందుకి లొంగే రకమే. మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టారు, ఈసారి ప్రతి మాత్రా సిస్టర్ ఎదురుగా. ఆరు నెలల గడువు నాకు పొడిగించారు. పొమ్మంటారని నేను భయపడ్డ మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. పిన్నిగారిది లొంగని రకం. నా సగం మాత్రల వల్లేనా అని డాక్టరు గారిని అడిగాను. అంతకుముందు ఏడాది మానేసిన మందుల వల్ల కావచ్చు, ఇది కావచ్చు, రెండూ కావచ్చు, ఇప్పుడు చెప్పలేమమ్మా అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నారో, నిజంగానే తెలియదో. చెప్పేస్తే బాగుండును అనిపించింది.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. అన్నం పంచుకోండి, దుప్పటి పంచుకోండి. మందు పంచుకోకండి. పక్క మనిషికి జబ్బుంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి, తిట్టినా సరే. ఇంకో మాట, మీకు మంచం ఇచ్చినవాళ్ళని నమ్మండి. నమ్మడం కష్టమని నాకు తెలుసు.

సెప్టెంబరు నుంచి ప్రతి శుక్రవారం ఏలూరు వెళ్ళేదాన్ని. నాకు పురుగు కనపడటం ఆగాక గాని ఆ వార్డు దగ్గరికి రానివ్వలేదు, అదీ తలుపు దాకానే. తలుపు పక్కన ఒక స్టూలుంది. దాని మీద కూర్చుంటే పిన్నిగారి మంచం కనిపిస్తుంది. మొదట్లో నన్ను చూడగానే గోడ వైపు తిరిగేవారు. నేను అరగంట కూర్చుని వచ్చేసేదాన్ని. కొన్నాళ్ళకి తిరగడం మానేశారు. మాట్లాడటం మాత్రం లేదు. కొడుకు వచ్చి వెళ్ళాడా, ఏం తిన్నారు అన్నీ ఆ వార్డు సిస్టరే చెప్పేది.

నవంబరులో ఒక శుక్రవారం, వెళ్ళిపోదామని లేచి, నిలబడే అడిగేశాను. ఆ కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది నాలో.

"చోటు పోయిందని నాకెందుకు చెప్పలేదండీ?"

ఆవిడ ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"చెబితే నువ్వు రావు కదమ్మా" అన్నారు.

అలా ఎందుకనుకున్నారు, వచ్చేదాన్నండీ అనబోయాను. మాట నోటిదాకా వచ్చి ఆగింది. వచ్చేదాన్నో కాదో నాకే తెలియదు. మళ్ళీ శుక్రవారం వస్తానని మాత్రం చెప్పి వచ్చేశాను.

ఆ తర్వాత మూడు శుక్రవారాలు వెళ్ళాను. ఆవిడ మాట్లాడలేకపోయినా నా వైపే తిరిగి పడుకున్నారు. నాలుగో శుక్రవారం ఆ మంచం మీద వేరే ఆవిడ ఉంది. సిస్టర్ బయటికొచ్చి, బుధవారం పొద్దున్న పోయారండీ, కొడుకొచ్చి తీసుకెళ్ళాడు, మీకు చెప్పడానికి నంబరు లేదన్నాడు అని చెప్పింది. సరేనండి అన్నాను. బస్సుకి ఇంకా టైముంది. స్టూలు మీద కూర్చున్నాను. కొత్తావిడ కాసేపు నన్ను చూసి, ఎవరి కోసం వచ్చారండీ అని అడిగింది.

ఊరికే వచ్చానండి అన్నాను.